వేటగాడి తూటా, సర్కారు భయం

విద్యార్థులారా! మన చరిత్ర పాఠాలలో తుపాకి చాలాసార్లు కనబడుతుంది. తూటా మాత్రం ఒకే ఒక్కసారి, 1857 తిరుగుబాటు సందర్భంలో కనబడి మాయమవుతుంది. ఆ తరువాత ఆ తూటా ఏమైంది, ఎలా మారింది, ఎవరి చేతికి అందింది, ఎవరికి అందకుండా పోయింది అన్న ప్రశ్నలు పాఠ్యపుస్తకాలలో రావు. ఏనుగును, అడవిదున్నను, పులిని వేటాడేవాడు ఏ తూటాను ఎంచుకోవాలి? పైకి ఇది వేటగాళ్ళు కూర్చుని మాట్లాడుకునే కబురులాగా ఉంటుంది. బరువు, వేగం, దూరం లెక్కవేసి తేల్చదగిన భౌతికశాస్త్ర సమస్యలాగా కూడా ఉంటుంది. మన దేశంలో మాత్రం ఆ లెక్క వేటగాడు వేయకముందే ప్రభుత్వం వేసేసింది. ఎందుకు వేసిందో తెలుసుకోవాలంటే పులి గాని, అడవిదున్న గాని లేని ఒక చోటికి ముందుగా వెళ్ళాలి.

షాదీపూర్

అండమాన్ నికోబార్ దీవుల రాజధానిని 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అనేవారు. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం. ఆ ఊళ్ళో షాదీపూర్ అనే పేట ఉంది. షాదీ అంటే పెళ్ళి. ఖైదీల పెళ్ళిళ్ళను బట్టి వచ్చిన పేరని అక్కడివారు చెబుతారు. ద్వీపాంతర శిక్ష పడి వచ్చినవాడు కొన్నేళ్ళు సక్రమంగా నడుచుకుంటే, సొంతంగా సేద్యమో చేతిపనో చేసుకుని బతకడానికి అధికారులు అనుమతి ఇచ్చేవారు. అలాంటివాడు స్త్రీ ఖైదీలలో ఒకరిని ప్రభుత్వం అనుమతితో పెళ్ళాడవచ్చు. వరుడిది ఒక భాష, వధువుది మరొక భాష. కులాలు కలవవు, ఊళ్ళు కలవవు. వారి సంతతినే దీవులలో ‘లోకల్ బోర్న్’ అంటూ వచ్చారు. దీవులలో తెలుగువారు కూడా తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారిలో ఎక్కువమంది స్వాతంత్ర్యం తరువాత ఉత్తరాంధ్ర తీరం నుంచి బతుకుతెరువు కోసం వెళ్ళినవారు. వారికంటే ముందు సంకెళ్ళతో వెళ్ళిన తెలుగువారూ ఉన్నారు. వారి సంగతి తరువాత చూద్దాం.

ఈ ఖైదీల వలస 1858 మార్చి 10న మొదలయింది. ఆ రోజు డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే సూపరింటెండెంటు 200 మంది ఖైదీలతో అక్కడ దిగాడు. ముందటి ఏడాది తిరుగుబాటులో పట్టుబడినవారిని దేశంలో ఉంచడానికి ప్రభుత్వం ఇష్టపడలేదు. 1857 జూలై 17న హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీపై తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను కూడా అండమాన్‌కే పంపారు. తిరుగుబాటుకు కారణాలు అనేకం. రాజ్యాల విలీనం, భూమి శిస్తు, సిపాయిల జీతభత్యాలు, మతం గురించిన భయాలు అన్నీ కలిసి మందుకూరిన పరిస్థితిలో నిప్పురవ్వ అయినది తూటా. అంచేత షాదీపూర్ అనే పేరు పుట్టడంలో ఆ తూటాకూ ఒక వాటా ఉందని నా అభిప్రాయం.

కాగితపు తూటా

ఇక్కడ మాటలను కొంచెం స్పష్టం చేసుకుందాం. వాడుకలో తూటా అన్నా, గుండు అన్నా, బుల్లెట్ అన్నా ఒకటే అనుకుంటాము. ఈ పాఠంలో గొట్టంలోంచి బయటికి దూసుకుపోయే లోహపు ముక్కను గుండు అందాము. గుండు, మందు, వాటిని పట్టి ఉంచే తొడుగు, మందును అంటించే క్యాప్ కలిపి తూటా. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాకు తొడుగు ఇత్తడిది కాదు, కాగితం. క్యాప్ విడిగా ఉండేది. సిపాయి కాగితం కొసను పళ్ళతో కొరికి, మందును గొట్టం మూతిలో పోసి, గుండును కాగితంతో సహా లోపలికి దిగగొట్టాలి.

అంతకు ముందరి మస్కెట్లకు గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండు వదులుగా జారేది. ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఉంటాయి. వాటివల్ల గుండు బొంగరంలా తిరుగుతూ పోయి గురి తప్పదు. మస్కెట్ వంద గజాల అవతల నమ్మదగినది కాదు, ఎన్‌ఫీల్డ్ దానికి ఎన్నో రెట్ల దూరాన మనిషిని కొట్టగలదు. కాని గాళ్ళున్న గొట్టంలో గుండు సులువుగా దిగడానికి కాగితానికి కొవ్వు పూయాలి. ఆ కొవ్వు ఆవుదా, పందిదా అన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గర దమ్‌దమ్‌లో మొదలై కంటోన్మెంట్లన్నీ చుట్టింది. మార్చి 29న బరక్‌పూర్‌లో మంగళ్ పాండే కథ మీకు తెలిసినదే.

దమ్‌దమ్ అన్న ఊరి పేరును గుర్తు పెట్టుకోండి. నలభై ఏళ్ళ తరువాత మళ్ళీ అక్కడికే వస్తాము.

తిరుగుబాటు అణిగిన తరువాత బ్రిటిష్ పాలకులు నేర్చుకున్న పాఠం ఒక్కటే: ఆయుధమూ, దానిలో పట్టే మందూ గుండూ ప్రజల చేతిలో ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. వైస్రాయి లిట్టన్ కాలంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం ఈ ఆలోచనకు పూర్తి రూపం. భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్లకు మినహాయింపు. పంటను అడవిపందుల నుంచి కాపాడుకునే రైతుకు చాలా సందర్భాలలో దక్కినది మూతి నుంచి మందు కూరే పాత రకం తుపాకి మాత్రమే. తెలంగాణ పల్లెల్లో దాన్ని భర్మారు అనేవారు. (విచిత్రమేమంటే, ఈ కట్టుదిట్టాలన్నిటి నడుమ, 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి మేయోను అండమాన్‌లోనే షేర్ అలీ అనే ఖైదీ చంపాడు. అతను వాడినది కత్తి. దానికి తూటా అక్కరలేదు.)

ఒకే దేశంలో ఇప్పుడు రెండు రకాల వేటగాళ్ళు తయారయ్యారు. ఒకరికి లండన్ దుకాణంలో కొత్తగా వచ్చిన ఏ తూటా అయినా దొరుకుతుంది. రెండోవారికి తూటా అనేదే లేదు. మందు, ఇనుపముక్కలు, పీచు కూరడమే.

లెక్క ఎలా వేసేవారు?

మొదటి రకం వేటగాడి లెక్కను చూద్దాం. తూటా చరిత్రలో భౌతికశాస్త్రం అందంగా కనిపించేది ఇక్కడే.

నాటు మందు కాలంలో గుండు వేగాన్ని పెంచడానికి ఒక హద్దు ఉండేది. ఎంత మందు పోసినా సెకనుకు 450, 500 మీటర్లు దాటించడం కష్టం. వేగం పెరగనప్పుడు మిగిలేది బరువు. ‘బోరు’ అన్న లెక్క ఆనాటిదే. ఒక పౌను, అంటే 454 గ్రాముల సీసంతో గొట్టానికి సరిపోయే గుండ్రని గుండ్లు ఎన్ని వస్తాయో అదే బోరు సంఖ్య. 12 బోరు గుండు సుమారు 38 గ్రాములు. 4 బోరు అంటే పౌనుకు నాలుగే గుండ్లు, ఒక్కొక్కటి 113 గ్రాములు. అంకె తగ్గినకొద్దీ తుపాకి పెద్దది. సింహళంలో ఏనుగులను వేటాడిన శామ్యూల్ బేకర్ వంటివారు ఇలాంటి భారీ తుపాకులనే మోయించుకుని తిరిగారు. పేలిస్తే భుజం కదిలిపోయేది. తెల్లటి పొగ కమ్మి, ఏనుగు పడిందో మీదికి వస్తోందో కొన్ని క్షణాలు తెలిసేది కాదు.

1880లలో పొగలేని మందు వచ్చింది. బ్రిటన్‌లో దాని రూపం కార్డైట్. వేగం ఒక్కసారిగా సెకనుకు 600 మీటర్లు దాటింది. ఇక్కడ మీరు తొమ్మిదో తరగతిలో నేర్చుకున్న సూత్రం పనికివస్తుంది. కదిలే వస్తువు గతిశక్తి దాని ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుంది. బరువును రెండింతలు చేస్తే శక్తి రెండింతలే. వేగాన్ని రెండింతలు చేస్తే నాలుగింతలు. లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ 1898లో తెచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాలో గుండు బరువు 480 గ్రెయిన్లు, అంటే 31 గ్రాములు. వేగం సెకనుకు 655 మీటర్లు. లెక్క కడితే శక్తి సుమారు 6,670 జౌళ్ళు. పోలిక కోసం సైన్యం వాడిన .303ను తీసుకోండి. మన పోలీసు ఠాణాల్లో త్రీ నాట్ త్రీ అని అందరికీ తెలిసినది అదే. 174 గ్రెయిన్ల గుండుతో దాని శక్తి సుమారు 3,100 జౌళ్ళు, అంటే .450లో సగం కూడా లేదు. (ఈ చుక్క ముందున్న అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. .303 అంటే గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో 303 వెయ్యో వంతులని అర్థం.)

అయితే శక్తి ఒక్కటి చూసి తూటా కొన్నవాడు మోసపోతాడు. ఆ శక్తి జంతువు శరీరంలో ఎక్కడిదాకా చేరుతుందన్నది అసలు సంగతి. మేకును రోకలితో పోల్చండి. రెండింటినీ ఒకే బలంతో పొడిస్తే మేకు దిగుతుంది, రోకలి దిగదు. వ్యాసం తక్కువ, పొడవు ఎక్కువగా ఉన్న గుండు లోతుగా పోతుంది. కాని లోతుగా పోవడం అన్నిసార్లూ మంచిది కాదు. పులి బరువు రెండు వందల కిలోలు ఉండవచ్చు గాని దాని చర్మం పలుచన. గట్టి తొడుగున్న గుండు దానిలోంచి అవతలికి దూసుకుపోయి, సన్నని రంధ్రం చేసి, తన శక్తిలో ఎక్కువ భాగాన్ని వెనకాల చెట్టుకు ఇచ్చేస్తుంది. గాయపడిన పులి పొదల్లో దూరుతుంది. పులికి కావలసింది ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తూ, తగలగానే పువ్వులా విచ్చుకునే మెత్తని గుండు. ఏనుగుకు అది పనికిరాదు. దాని మెదడు ముందు తేనెపట్టులా గుల్లగా ఉన్న మందమైన ఎముక ఉంటుంది. మెత్తని గుండు అక్కడే చిట్లిపోతుంది. దానికి నిండు తొడుగున్న గట్టి గుండు కావాలి. అడవిదున్న ఈ రెండింటికీ మధ్యది. ముదురు మగదున్న వెయ్యి కిలోల దాకా తూగుతుంది, భుజాల దగ్గర కండ గోడలా ఉంటుంది. జోడు గొట్టాల రైఫిల్ ఉన్న వేటగాళ్ళు కొందరు ఒక గొట్టంలో మెత్తని గుండు, రెండోదానిలో గట్టి గుండు పెట్టుకుని వెళ్ళేవారు. ఏ ట్రిగ్గర్ ఏ గొట్టానిదో గుర్తుంచుకుంటే చాలు!

దూరం సంగతి మన అడవుల్లో పెద్ద సమస్య కాదు. మంచె మీద నుంచి పులిని కొట్టేది యాభై మీటర్ల లోపే. వేడి మాత్రం పెద్ద సమస్య. కార్డైట్ వేడెక్కితే పేలినప్పుడు పుట్టే ఒత్తిడి పెరుగుతుంది. ఇంగ్లండు చలిలో సాఫీగా పనిచేసిన తూటా, మే నెలలో గోదావరి ఒడ్డున ఎండలో ఉంచితే, పేలాక ఇత్తడి గొట్టం ఉబ్బి గదిలో ఇరుక్కుపోవచ్చు. దున్న మీదికి వస్తూండగా ఖాళీ తూటా బయటికి రాకపోతే ఏమవుతుందో వివరించనక్కరలేదు. అందుకని తయారీదారులు ఇండియా, ఆఫ్రికాలకు పంపే తూటాల ఇత్తడి గొట్టాన్ని కావాలనే పెద్దదిగా చేసి, లోపల ఖాళీ స్థలం వదిలి, ఒత్తిడిని తక్కువలో ఉంచారు. పాత నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాలు చూడడానికి అరచేయి పొడవున ఉండడానికి ఇదీ ఒక కారణం.

1902 ఏప్రిల్, మే నెలల్లో వైస్రాయి కర్జన్ దంపతులు నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేటకు వచ్చారు. చచ్చిన పులి దగ్గర వారు నిలబడి ఉన్న ఫోటో లాలా దీన్‌దయాళ్ స్టూడియోది, ప్రసిద్ధమైనది. పైన చెప్పిన తూటాల విప్లవమంతా అలాంటి ఫోటోల వెనుక ఉన్నది. జంతువును అడవిలోంచి తోలుకొచ్చినవారిలో ఎవరికీ ఆ తూటాల ధర తెలిసి ఉండదు.

మళ్ళీ దమ్‌దమ్

మెత్తని గుండు వేటగాళ్ళకు కొత్త కాదు. నాటు మందు కాలంలోనే ముక్కు బోలుగా ఉన్న ఎక్స్‌ప్రెస్ గుండ్లు ఉండేవి. దాన్ని మనుషుల మీదికి తిప్పినది దమ్‌దమ్ ఆయుధ కర్మాగారం. 1895లో వాయవ్య సరిహద్దులో చిత్రాల్ దండయాత్ర జరిగినప్పుడు, .303 గుండు తగిలినా పఠాన్ యోధులు ఆగడం లేదని సైనికులు ఫిర్యాదు చేశారు. గట్టి తొడుగు గుండు పులిలోంచి దూసుకుపోయినట్టే మనిషిలోంచీ దూసుకుపోతోంది. కెప్టెన్ నెవిల్ బర్టీ-క్లే దమ్‌దమ్‌లో ఆ గుండు ముక్కు మీది తొడుగును తీసివేసి సీసాన్ని బయటపెట్టాడు. 1899లో హేగ్ సమావేశం ఇలాంటి గుండ్లను యుద్ధంలో వాడకూడదని ప్రకటించింది. బ్రిటన్ మొదట ఒప్పుకోలేదు, 1907లో చేరింది.

నేటికీ ఈ వింత కొనసాగుతూనే ఉంది. మనిషి మీద వాడితే అమానుషమని నిషేధించిన గుండునే, జంతువు త్వరగా చావాలంటే వాడవలసిన దయగల గుండు అంటారు. రెండు వాదాలకూ తర్కం ఉంది. చావు త్వరగా రావాలన్నది వేట ధర్మం. శత్రువు పోరాడలేకపోతే చాలునన్నది యుద్ధ ధర్మం.

1907 నిషేధం

1907లోనే భారత ప్రభుత్వం .450 రైఫిళ్ళను, తూటాలను దేశంలోకి తీసుకురావడాన్ని నిషేధించింది. పెద్ద జంతువుల వేటకు అప్పటికి అంతకంటే మంచి తూటా లేదు. మరి ఎందుకు నిషేధించారు? 1871లో సైన్యంలోకి వచ్చిన మార్టినీ-హెన్రీ రైఫిల్ గుండు వ్యాసం కూడా .450. సైన్యం దాన్ని వదిలి .303కు మారినా, పాత మార్టినీలు సరిహద్దు తెగల దగ్గర ఎన్నో మిగిలి ఉన్నాయి. ఇటు బెంగాలులో వంగభంగం తరువాత అలజడి. దొరగారి ఏనుగు తూటాను మార్టినీలో నేరుగా పెట్టి పేల్చలేరు, ఇత్తడి గొట్టాల ఆకారం వేరు. కాని గుండును ఊడదీసి పాత మార్టినీ గొట్టాలలో బిగించుకుంటే? ప్రభుత్వం భయపడినది దీనికే. నిషేధం వేటగాడి మీద కాదు, అతని పెట్టెలోంచి దొంగిలించగల సీసం మీద.

లండన్, బర్మింగ్‌హామ్ కంపెనీలు వెంటనే దారి వెతికాయి. .450కి కొంచెం అటూ ఇటూగా, చట్టానికి చిక్కకుండా, మార్టినీలో పట్టకుండా తూటాలు తయారయ్యాయి: .465, .470, .475, .476. ఇవన్నీ పనిలో ఒకేలాంటివి. .470నే చూడండి. 500 గ్రెయిన్ల గుండు, అదే 655 మీటర్ల వేగం, 6,950 జౌళ్ళు. పాత .450కీ దీనికీ తేడా ఏనుగుకు తెలియదు, కస్టమ్స్ ఉద్యోగికి తెలుస్తుంది. ఈనాటికీ ఆఫ్రికాలో ఏనుగు, అడవిబర్రె వేటకు వెళ్ళేవారు .470ను గొప్ప సంప్రదాయ తూటాగా చెప్పుకుంటారు. అది ఆఫ్రికాలో అంత వ్యాపించడానికి ఇండియాలోని రాజకీయ భయం ఒక ముఖ్య కారణమన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు.

మన్యంలో తూటాలు

ప్రభుత్వ భయం ఊహ మాత్రమే కాదని మన తెలుగు నేలే చూపించింది. తూర్పు కనుమల మన్యంలో 1879, 1880లలో రంప తిరుగుబాటు జరిగింది. పట్టుబడినవారిలో కొందరిని అండమాన్‌కు పంపారు. సంకెళ్ళతో వెళ్ళిన తెలుగువారని ముందు చెప్పినది వీరి గురించే. మళ్ళీ 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లను వరుసగా పట్టుకుంది. దొరికినవి 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు. ధనమూ రికార్డులూ కాక ఆయుధాల కోసమే స్టేషన్ల మీదికి వెళ్ళారన్నది గమనించండి. మన్యం ప్రజలు విల్లుతో, నాటు తుపాకితో వేటాడగలరు. మందు కూరడం వారికి చేతనవును. ఇత్తడి తూటా మాత్రం వారు అడవిలో తయారు చేసుకోలేరు. ఉన్నది ఖర్చయితే మళ్ళీ స్టేషన్ మీద పడాలి, అక్కడ ఈసారి బలగం కాచుకుని ఉంటుంది. తూటా చేతిలో లేని రైఫిల్ దుడ్డుకర్రతో సమానం. ఆ సంగతి ప్రభుత్వానికి 1878 నుంచీ తెలుసు.

రాజు అనుచరులలో ముఖ్యుడైన గాం మల్లుదొరకు అండమాన్ శిక్ష పడింది. ఆయన తరువాత విడుదలై, 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు.

చిన్న తూటాలు, గాయపడిన పులులు

పెద్ద తూటాలు ఖరీదైనవి, బరువైనవి. అంచేత కొందరు వేటగాళ్ళు చిన్నవాటితోనే నెగ్గుకొచ్చారు. జిమ్ కార్బెట్ ఎక్కువగా వాడినది .275 రిగ్బీ, అనగా జర్మన్ 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాయే. 1926లో రుద్రప్రయాగ చిరుతను ఆయన దానితోనే కొట్టాడు. పులుల కోసం .400 జెఫ్రీ జోడు రైఫిల్ కూడా వాడేవాడు. అది 1907 నిషేధానికి లొంగనిది. ఆఫ్రికాలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు, వాటిలో చాలా వాటికి ఇదే 7 మిల్లీమీటర్ల తూటా వాడాడు. గట్టి గుండు, ఏనుగు తల నిర్మాణం గురించిన కచ్చితమైన జ్ఞానం, అంతే. బెల్‌ను చూసి చిన్న తూటా చాలునని వాదించేవారు ఉన్నారు. నాకు ఆ వాదం నచ్చదు. శస్త్రవైద్యుడు చిన్న కత్తితో చేసిన పనిని అందరూ చేయలేరు.

మన దగ్గర కెన్నెత్ ఆండర్సన్ ఉన్నాడు. బెంగుళూరు నివాసి. చిత్తూరు, కడప అడవుల గురించి, భాకరాపేట దగ్గరి చామల లోయ గురించి ఆయన రాసిన కథలు మీలో కొందరు చదివే ఉంటారు. ఆయన చేతిలో ఎప్పుడూ ఉండినది .405 వించెస్టర్, 1895 నమూనా. అమెరికా తయారీ. 300 గ్రెయిన్ల గుండు, సుమారు 4,370 జౌళ్ళు. లండన్ జోడు రైఫిల్ కొనలేని మధ్యతరగతి వేటగాడికి .303కూ .470కీ నడిమి దారి అది.

తప్పు తూటాకు మూల్యం ఎవరు చెల్లిస్తారు? 1907లో కార్బెట్ చంపిన చంపావత్ పులి అంతకు ముందు 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. చచ్చాక చూస్తే దాని కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. అది పాత తుపాకి గాయమని కార్బెట్ రాశాడు. వేటాడిన జంతువును పళ్ళతో పట్టుకోలేని పులి మనిషి వైపు తిరిగింది. చాలని మందు, చాలని గుండు అడవిలో వదిలిపెట్టిన శత్రువు ఇలాంటిది. పల్లెవాడి చేతిలో భర్మారు తప్ప మరొకటి ఉండనీయని చట్టం తిరుగుబాటును ఎంత ఆపిందో చెప్పలేము గాని, గాయపడి బతికిన జంతువుల సంఖ్యను పెంచే ఉంటుంది. ఆ జంతువులకు చిక్కింది వైస్రాయిలు కాదు, గడ్డికోసుకునే ఆడవాళ్ళు, పశువుల కాపరులు.

.315

స్వాతంత్ర్యం వచ్చాక చట్టం మారింది గాని చట్టపు అలవాటు మారలేదు. 1959 ఆయుధాల చట్టం 1962లో అమలులోకి వచ్చింది. జాతి భేదం పోయింది, అందరికీ లైసెన్సే. కాని సైన్యం, పోలీసులు వాడే తూటాను పౌరుడు వాడరాదన్న పాత సూత్రం ‘ప్రొహిబిటెడ్ బోర్’ అన్న పేరుతో నిలిచింది. .303 అందులో ఉంది, తరువాత 7.62 మిల్లీమీటర్లు చేరింది. మరి లైసెన్సు ఉన్న పౌరుడికి ఏది? .315. ఇది ఆస్ట్రియా సైన్యపు పాత 8 మిల్లీమీటర్ల మాన్లిఖర్ తూటా. బ్రిటిష్ సైన్యం వాడనిది గనుక, బ్రిటిష్ కాలంలోనే భారతీయ మార్కెట్టుకు దాన్ని ఎంచారు. స్వతంత్ర భారతంలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిళ్ళను తయారు చేసింది. ఈనాడు బ్యాంకు గుమ్మం దగ్గర కాపలావాడి చేతిలో రైఫిల్ ఉంటే అది చాలావరకు అదే. ఆ తూటా దున్నకు మంచిదని గాని, పందికి మంచిదని గాని ఎవరూ ఎంచలేదు. ఠాణాలోని తుపాకిలో పట్టదు, అదే దాని అర్హత.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పులి, ఏనుగు, అడవిదున్న వేట ముగిసింది. 1991 సవరణ మిగిలిన సందులను కూడా మూసింది. ఇప్పుడు మనుషులకు ప్రమాదంగా మారిన జంతువును, పట్టడానికీ మత్తు ఇవ్వడానికీ వీలుకాదని తేలినప్పుడు, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని లిఖిత ఉత్తర్వుతోనే చంపవచ్చు. అలాంటి అరుదైన రోజున ఏ తూటా అన్న పాత ప్రశ్న మళ్ళీ లేస్తుంది.

దీవుల బాణం

అండమాన్‌లోని పెద్ద వేట జంతువు మొదటి నుంచీ ఒక్కటే, అడవిపంది. గ్రేట్ అండమానీయులు దానికోసం ఒక ప్రత్యేకమైన బాణం చేసేవారు. బాణపు మొన కర్రకు అంటుకుని ఉండదు, చిన్న తాడుతో కట్టి ఉంటుంది. మొన పందిలో దిగగానే ఊడివచ్చి, కర్ర తాడు మీద వెనకాల వేలాడుతూ పొదలకు తట్టుకుంటుంది. పంది దూరం పోలేదు. చేపకు వేరే బాణం. ఓడలు బద్దలై ఒడ్డుకు వచ్చిన ఇనుము వారికి ఎంతో విలువైనది. 1859 మేలో ఈ ప్రజలే బాణాలతో అబర్డీన్ దగ్గర ఖైదీల వలసపై దాడి చేశారు. గాయపడిన జంతువును తప్పించుకోనీయరాదన్న లండన్ వేటగాడి లెక్కను వారు ఎముక, తాడు, ఇనుపరేకుతో సాధించారు.

అది చాలదనుకున్న అధికారులు 20వ శతాబ్దపు మొదటి దశాబ్దాలలో వేట వినోదానికని భారత భూభాగం నుంచి దుప్పులను తెచ్చి దీవులలో వదిలారు. దుప్పిని తినే పులి, చిరుత అక్కడ లేవు. అవి పెరిగి, ఈదుతూ ఒక దీవి నుంచి మరొక దీవికి పాకి, అడవిలో మొలకెత్తే లేతచెట్లను మేస్తున్నాయి. ఇంటర్‌వ్యూ దీవిలో ఏనుగులు కూడా ఉన్నాయి. కలప కంపెనీ ఒకటి 1962లో మూతపడి వదిలివెళ్ళిన సుమారు 40 పెంపుడు ఏనుగుల సంతతి అది. బ్రిటిష్ అధికారుల నివాసమైన రాస్ దీవికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి అని పేరు పెట్టారు. అక్కడ మర్రి ఊడలు కమ్మిన బంగళాల గోడల మధ్య దుప్పులు మనుషులకు బెదరకుండా తిరుగుతాయి. పడవ దిగిన యాత్రికుల చేతుల్లోంచి అరటిపండ్లు అందుకుంటాయి.